చెడ్డ గంట టీచరు

మా అమ్మమ్మ లేకపోతే ఈ ఊళ్ళో ఒక్క లిఫ్టు కదలదు, ఒక్క పన్ను ఊడదు, ఒక్క బల్బు వెలగదు. బ్రెడ్డు పొంగేది ఆవిడ మాట మీదే. రైలు కూత వేసేది ఆవిడ వెయ్యమందనే. ఆవిడ సలహా అడక్కుండా ఉద్యోగంలో చేరినవాడు సూర్యుడొక్కడే. అందుకే పాపం, ఆయనకి ఇప్పటిదాకా ఒక్క రోజు సెలవు దొరకలేదు.

ఇందులో నేను కాస్త ఉప్పూ కారం ఎక్కువ వేసి ఉంటాను. ఆవిడ పని నిజానికి చిన్నదే. బడిలో ఆఖరి తరగతి పిల్లలు ఆ తర్వాత ఏం చదవాలో, ఏ పనిలోకి వెళ్ళాలో తేల్చుకోవడానికి ఒక గదిలో కూర్చుని సాయం చేస్తుంది. తలుపు మీద ‘భవిష్యత్ మార్గదర్శనం’ అని బోర్డు. లోపల పాత బంతుల తోలు వాసన. ఎందుకంటే అది ఒకప్పుడు ఆటసామాను గది, ఆవిడ ఒకప్పుడు డ్రిల్లు టీచరు. ఆటస్థలంలో పెద్ద క్రేను తెచ్చి కొత్త భవనం లేపారు. మైదానం పోయాక డ్రిల్లు టీచర్ని ఏం చేసుకోవాలో తోచక, అదే గదిలో కుర్చీ వేసి, బోర్డు మార్చి, పిల్లల భవిష్యత్తు చేతిలో పెట్టారు. పరుగెత్తించడం వచ్చినావిడకి ఎటు పరుగెత్తాలో కూడా తెలిసే ఉంటుందని పెద్దవాళ్ళ లెక్క కాబోలు. మెడలో విజిల్ మాత్రం ఆవిడ తియ్యలేదు. నిద్రలో పక్కకి తిరిగితే ఇప్పటికీ అది కుయ్యిమంటుంది.

ఆవిడ పద్ధతి వేరు. నీకేది ఇష్టం అని ఏ పిల్లనీ అడగదు. ఇష్టం గురించి అడిగితే అందరూ అబద్ధమే చెప్తారంటుంది. ఫలానా పని చేస్తానని పిల్లలు వచ్చి చెప్పగానే, ఆ పని చేసేవాళ్ళ దగ్గరికి ఒక రోజు పంపుతుంది. పొద్దున వదిలిపెడుతుంది. తను గేటు బయటే కూర్చుంటుంది. సాయంత్రం పిల్లలు బయటికి రాగానే ఒకే ప్రశ్న.

“ఏ గంట చెడ్డది?”

ప్రతి పనిలోనూ ఒక చెడ్డ గంట ఉంటుందట. నర్సుకి ఉంటుంది, వంటవాడికి ఉంటుంది, జడ్జికీ ఉంటుంది. మంచి గంటల్ని ఎవరైనా భరిస్తారు. ఆ చెడ్డ గంట రోజూ వచ్చినా పర్లేదనుకుంటే ఆ పని నీది, లేకపోతే మరొకరిది. ఇదీ ఆవిడ శాస్త్రం. ఇలా తేలినవాళ్ళు ఊరంతా ఉన్నారు. వాళ్ళే ఆవిడకి ‘చెడ్డ గంట టీచరు’ అని పేరు పెట్టారు.

అప్పగించేటప్పుడు ఆ పనివాళ్ళకి కూడా ఒక నియమం చెప్తుంది. “పిల్లల్ని పొగడొద్దు, భయపెట్టొద్దు. ఏం చేస్తామంటే అది చెయ్యనివ్వండి. ఎగదొయ్యొద్దు, ఆపొద్దు. సాయంత్రం దాకా మీ అభిప్రాయం మీ నోట్లోనే ఉండాలి.”

నన్నూ అలా బేకరీకి, ప్రెస్సుకి, పళ్ళ డాక్టరు దగ్గరికి పంపింది. ప్రతిచోటా మొదటి గంటే చెడ్డదని చెప్పాను. చదువు నన్ను కాలేజీ మధ్యలోనే వదిలించుకుంది. అమ్మమ్మ మాత్రం వదిలించుకోలేక తనని తిప్పే స్కూటరు నాకిచ్చింది. అందుకే ఆ రోజు నేనక్కడ ఉన్నాను.

ఆ రోజు పిల్ల పేరు పిట్టగోడ. ఇంట్లో ఏమని పిలిచేవారో గానీ బడిలో అందరికీ పిట్టగోడే. ఖాళీ దొరికితే మేడ మీద పిట్టగోడెక్కి కాళ్ళు బయటికి వేలాడేసి కూర్చునేది. దిగమని అరిచి అరిచి టీచర్ల గొంతులు పోయాయి. చిన్న తరగతుల్లో ఉండగా క్లాసు కిటికీలోంచి మైదానాన్ని మింగిన ఆ క్రేనుని రెండేళ్ళు చూసింది. ఆఖరి పరీక్షలు కాగానే వచ్చి, క్రేన్ ఆపరేటర్ అవుతానంది.

వాళ్ళ నాన్నది రంగుల కొట్టు. తాత పెట్టిన కొట్టు, తండ్రి నడుపుతున్న కొట్టు. కూతురు పగలు గల్లాలో కూర్చుని, సాయంత్రం కాలేజీలో కామర్సు చదవాలని ఆయన ఎప్పుడో నిర్ణయించేశాడు. అమ్మమ్మ ఆయన దగ్గరికి నాలుగుసార్లు తిరిగింది. చివరికి ఆయన ఒక మెట్టు దిగాడు.

“ఒక్క రోజు, టీచరుగారూ. మీ పద్ధతి ప్రకారమే. సాయంత్రం వచ్చి కావాలంటే ఆ ట్రైనింగులో నేనే చేర్పిస్తాను. వద్దంటే మర్నాటి నుంచి కొట్టు. మళ్ళీ మీరు నా గడప తొక్కకూడదు.”

“మాటేనా?”

“రంగుకి గ్యారంటీ ఇస్తాను గానీ మాటకి మించింది నా దగ్గర లేదు.”

అలా పిట్టగోడ బతుకంతా ఒక్క రోజు మీద నిలబడింది.

ఊరి చివర ఆసుపత్రి కడుతున్నారు. అక్కడి క్రేన్ ఆపరేటరు అమ్మమ్మ దగ్గర చదువుకున్నవాడే. డ్రిల్లులో కుడి అంటే ఎడమ, ఎడమ అంటే కుడి వేసి లైనంతా చెడగొట్టేవాడట. ఇప్పుడు టన్నుల ఇనుమునెత్తి వేలెడు సందులో దించుతాడు. అమ్మమ్మంటే ఎంత భక్తంటే, ఆవిడ ఎదురుపడితే ఇప్పటికీ కడుపు లోపలికి పీల్చి నిలబడతాడు. నియమం చెప్తుంటే చేతులు కట్టుకుని విన్నాడు. అసలు ముప్పు ఆ భక్తిలోనే ఉందని మాకు తెలియదు.

మధ్యాహ్నం దాటాక గేటు ఎదురుగా టీ బండి దగ్గర ఉన్నాం. అమ్మమ్మ గ్లాసు ఇంకా నోటిదాకా పోలేదు. సైటు లోపలి నుంచి సైగల మనిషి పరుగున వచ్చాడు. నేల మీద నిలబడి చేతి సైగలతో, వాకీటాకీతో క్రేనుకి దారి చెప్పే మనిషి ఆయన.

“అమ్మా, పిల్ల నిచ్చెన మీద ఆగిపోయింది.”

అమ్మమ్మ గ్లాసు బండి మీద పెట్టిన చప్పుడు నాకింకా వినబడుతోంది.

క్రేను స్తంభం లోపల నిలువు నిచ్చెన ఉంటుంది. నడుముకి బెల్టు, బెల్టుకి రెండు తాళ్ళు, తాళ్ళ చివర రెండు కొక్కేలు. ఒక కొక్కెం తగిలి ఉండగా రెండోది విప్పి పైకి తగిలించాలి. ఎక్కినంతసేపూ, దిగినంతసేపూ అదే పని. ఎక్కుతానని పిల్ల అడిగింది. ఆపొద్దని టీచరు చెప్పింది. ఆపరేటరు ఆపలేదు. ఇంజనీరు భోజనానికి వెళ్ళాడు. సైగల మనిషి బెల్టు బిగించి, కొక్కేలు ఎలా మార్చాలో చూపించాడు. సగం దాకా గబగబా ఎక్కిన పిల్ల ఒక్కసారి కిందికి చూసింది. అంతే. రెండు చేతులూ మెట్టుని కరుచుకున్నాయి. పైకీ లేదు, కిందికీ లేదు.

మేం స్కూటరు మీద లోపలికి వెళ్ళేసరికి కింద జనం. తాపీవాళ్ళు, ఇనుం కట్టేవాళ్ళు, తిరిగొచ్చిన ఇంజనీరు. అందరి తలకాయలూ పైకే. అంత ఎత్తున పిట్టగోడ నీలం చొక్కా గుప్పెడంత కనబడుతోంది.

వాకీటాకీలో ఆపరేటరు గొంతు వచ్చింది. “టీచర్, ఆపొద్దన్నారు కదా. అందుకే ఆపలేదు.”

అమ్మమ్మ సైగల మనిషి చేతిలోంచి వాకీటాకీ తీసుకుంది. మనిషి ముఖం అలా ఉండడం నేను ఆస్పత్రి వరండాల్లో తప్ప చూడలేదు. బటన్ నొక్కి, “తప్పు నీది కాదు. ఇప్పుడు నువ్వు దిగగలవా?” అంది.

“పిల్లని దాటి ఎలా దిగను? పైగా గాలి లేస్తోంది టీచర్. ఇంకాస్త పెరిగితే క్రేనుని గాలి ఎటు తోస్తే అటు తిరగనిచ్చి నేను కిందికొచ్చెయ్యాలి. అది తిరగడం మొదలుపెడితే స్తంభం కదులుతుంది. పిల్ల ఇంకా భయపడుతుంది.”

క్యాబిన్ మీది చిన్న జెండా అప్పటిదాకా వేలాడుతూ ఉంది. ఇప్పుడు అడ్డంగా లేచి కొట్టుకుంటోంది.

ఇంజనీరు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. “బడి పిల్లని ఎవరెక్కించారు? ఫైరింజన్ని పిలుస్తున్నా. మీ మీదా చెప్తాను, మీ బడి మీదా చెప్తాను.”

“పిలవండి,” అంది అమ్మమ్మ. “చెప్పండి కూడా. వాళ్ళు వచ్చేలోపు నేను మాట్లాడతాను.”

చెడ్డ వార్తకి కాళ్ళెక్కువ. ఆ సైటుకి రంగులు పోసేది పిట్టగోడ వాళ్ళ నాన్నే కాబట్టి ఎవరో ఫోన్ చేసేశారు. ఆయన కొట్టు వదిలేసి వచ్చిపడ్డాడు. చేతికి అంటిన పసుప్పచ్చ రంగు ఆరనైనా లేదు. పైకి చూశాడు. అమ్మమ్మతో కాదు, కూతురితోనే మాట్లాడాడు.

“అమ్మా, పట్టు వదలకు. వదలకమ్మా.”

అది విని పిట్టగోడ ఇంకా గట్టిగా కరుచుకుంది. అసలు కష్టమంతా పట్టు వదలకపోవడమే కదా.

అమ్మమ్మ స్తంభం మొదటికి నడిచింది. మైదానం ఆ చివరి నుంచి ఈ చివరికి వినబడే గొంతు ఆవిడది. మైదానం పోయినా గొంతు పోలేదు.

“పిట్టగోడా. నా ప్రశ్న నీకు తెలుసు కదా. సాయంత్రం దాకా ఆగను, ఇప్పుడే అడుగుతున్నాను. అన్నిటికన్నా ఏది చెడ్డగా ఉంది? ఎత్తా? గాలా?”

పైనుంచి జవాబు సన్నగా, ముక్కలు ముక్కలుగా వచ్చింది. “చూడ్డం. మీరందరూ నన్ను చూడ్డం. నాన్న కూడా.”

అమ్మమ్మ జనం వైపు తల తిప్పింది. విజిల్ నోట్లో పెట్టింది. సైటులో విజిల్ వినబడితే ఎక్కడివాళ్ళక్కడ ఆగాలి. అంతా ఆగిపోయారు.

“అందరూ వినండి. వెనక్కి తిరగండి.”

ఎవరికీ అర్థం కాలేదు.

“పిల్లకి వీపులు చూపించండి. ఒక్క మొహం కూడా పైకి ఉండకూడదు. వెనక్కి... తిరుగు.”

తాపీవాళ్ళు తిరిగారు. ఇనుం కట్టేవాళ్ళు తిరిగారు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకున్న ఇంజనీరు, ఏ తరగతిలో నేర్చుకున్నాడో గానీ, మడమ మీద చక్కగా తిరిగాడు. రంగుల కొట్టాయన మాత్రం కదల్లేదు.

“నా కూతురు అక్కడ వేలాడుతుంటే నేను గోడ చూడాలా?”

“బెల్టుంది. పడదు. కానీ మీరు చూసినంతసేపూ దిగదు.”

“మీ పద్ధతులు మీ ఇంట్లో పెట్టుకోండి టీచరుగారూ. మీవల్లే ఇదంతా.”

“నావల్లే. రేపు నన్ను ఏమన్నా అనండి, పడతాను. ఇప్పుడు తిరగండి.”

ఆయన పాదాలు బురదలోంచి లాగినట్టు మెల్లగా తిరిగాడు. రెండు చేతులూ వెనక్కి పెట్టి ఒకదాన్నొకటి పట్టుకున్నాడు. పసుపు రంగు రెండో చేతికీ అంటింది. అందరూ తిరిగాక అమ్మమ్మ కూడా తిరిగింది.

“ఎవరం చూడటం లేదు పిట్టగోడా. ఒక చెయ్యి వదులు. రెండోది ఉంటుంది. కొక్కెం మార్చు. తొందరేం లేదు.”

తొందర లేకపోవడమేంటి, జెండా చప్పుడు కింది దాకా వస్తోంది.

నేను కాస్త దూరంలో స్కూటరు పక్కన ఉన్నాను. తిరగమన్నది, నేనూ తిరిగాను. కానీ స్కూటరుకి అద్దం ఉంటుంది. కళ్ళు మూసుకోమని ఆవిడ అనలేదు. అద్దం కాస్త ఎత్తాను. అందులో నీలం చొక్కా దొరికింది.

కాసేపు ఏమీ జరగలేదు. తర్వాత ఒక చెయ్యి వేలు వేలుగా మెట్టుని విడిచింది. గాల్లో ఉండిపోయింది. మళ్ళీ ఠక్కున మెట్టుని పట్టుకుంది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మళ్ళీ విడిచింది. ఈసారి నడుము దగ్గరికి వెళ్ళింది. ‘టక్’మంది. నిశ్శబ్దం. మళ్ళీ ‘టక్’. కింద అన్ని వీపులకీ ఆ చప్పుడు తగిలినట్టు తెలిసింది. ఒక్కరూ తిరగలేదు.

ఒక మెట్టు. కొక్కెం. ఒక మెట్టు.

ఇంతలో గాలి విసిరికొట్టింది. అద్దంలో పిల్ల కాలు మెట్టు తప్పి గాల్లోకి పోయింది. తాడు బిగిసింది. నేను అరిస్తే అందరూ తిరుగుతారు, తిరిగితే పిల్ల మళ్ళీ రాయైపోతుంది. పుట్టి బుద్ధెరిగాక నోరు మూసుకుని ఉన్నది ఆ క్షణమొక్కటే. నాలుక కొరుక్కుంటే రక్తం ఉప్పగా తగిలింది. చొక్కా అక్కడే వేలాడింది. కాలు వెతికింది. మెట్టు దొరికింది. నిలబడింది. మళ్ళీ ‘టక్’.

అద్దం కింది అంచులో అమ్మమ్మ కూడా కనబడుతోంది. ఆవిడ తిరగలేదు. విజిల్ పళ్ళ మధ్య కరిచి పట్టుకుంది. తర్వాత చూస్తే ఆ ప్లాస్టిక్ మీద పళ్ళ గుర్తులు పడి ఉన్నాయి.

బూటు నేలకి తగిలిన చప్పుడు రాగానే రంగుల కొట్టాయన, ఎవరి అనుమతీ అడక్కుండా, తిరిగి పరుగెత్తాడు. కూతుర్ని పట్టుకున్నాడు. నీలం చొక్కా వీపు మీద రెండు పసుపు అరచేతులు దిగాయి. పైనుంచి ఆపరేటరు కూడా దిగొచ్చాడు. వస్తూనే కడుపు లోపలికి పీల్చాడు. ఇంజనీరు ఫైరింజన్ వాళ్ళకి వద్దని చెప్పి, సిమెంటు బస్తా మీద కూలబడ్డాడు.

అమ్మమ్మ మంచినీళ్ళ సీసా అందించింది. కౌగలించుకోలేదు, కన్నీళ్ళు తుడవలేదు. పిల్ల తాగేదాకా ఆగి అడిగింది.

“చెప్పు. ఏ గంట చెడ్డది?”

“టీచరుగారూ, ఇంకా అదేనా?” అన్నాడు రంగుల కొట్టాయన.

పిట్టగోడ సీసా మూత తిప్పుతూ చెప్పింది. “ఎత్తు కాదు టీచర్. ఒక చెయ్యి విప్పి ఇంకా దేన్నీ పట్టుకోకముందు ఉంటుందే, అది. మేడ మీద గోడెక్కితే రెండు చేతులూ గోడ మీదే ఉంటాయి. ఇది రోజూ నావల్ల కాదు. క్రేను వద్దు.”

ఏళ్ళనాటి కల అది. ఆ మాట అనడానికి పిల్ల గొంతు మళ్ళీ నిచ్చెన దిగినంత పని చేసింది.

“అయిపోయింది,” అన్నాడు తండ్రి. గెలిచినవాడి గొంతు కాదు, అలిసిపోయినవాడిది. “మాట ప్రకారం రేపటి నుంచి కొట్టుకి.”

“క్రేను వద్దంది,” అంది అమ్మమ్మ. “కొట్టు కావాలనలేదు.”

“ఒక్క రోజన్నారు. మాట తప్పుతారా?”

“తప్పను. ఇంకా సాయంత్రం కాలేదు. ఒక్క ప్రశ్న మిగిలింది, అది మిమ్మల్ని. మీ పనిలో చెడ్డ గంట ఏది?”

“నా పనిలోనా? ఏముంటుంది? మా నాన్న పెట్టిన కొట్టు. హాయిగా నడుస్తోంది.”

“ఉంది,” అంది పిట్టగోడ, తల ఎత్తకుండానే. “పొద్దున. షట్టర్ ఎత్తే ముందు. తాళంచెవి చేతిలో పట్టుకుని బండి మీద అలాగే కూర్చుంటావు. నేను బడికి వెళ్తూ చూస్తాను. ఒక్కోసారి పక్క కొట్లన్నీ తెరిచేసినా నువ్వు దిగవు.”

“అది ఎప్పుడో ఒకసారి.”

“రోజూ నాన్నా.”

ఆయన చేతుల మీది రంగుని గోటితో గీక్కోవడం మొదలుపెట్టాడు. అది రాలేదు. చాలాసేపు గీకాడు. మేమెవరం ఆయన్ని చూడలేదు. వీపులు తిప్పడం అప్పటికే నేర్చుకుని ఉన్నాం.

“మరి ఏం చేస్తావే?” అన్నాడు చివరికి.

“తెలీదు.” తర్వాత సైగల మనిషి వైపు చూసింది. “పొద్దున్నుంచి ఆయన్ని చూస్తున్నా. చెయ్యెత్తితే పైన అంతా ఆగిపోతుంది. ఆ పని ఏంటో నాకు తెలీదు.”

“ఆయన లేకపోతే నేను పైన గుడ్డివాణ్ణి. అసలు ఈ సైటులో...” అని ఆపరేటరు అందుకున్నాడు.

“పొగడొద్దన్నానా?” అంది అమ్మమ్మ. అతను మళ్ళీ కడుపు పీల్చాడు.

రంగుల కొట్టాయన సైగల మనిషిని పై నుంచి కిందికి, ముఖ్యంగా కింద, చూశాడు. “మీ పనిలో కాళ్ళు నేల మీదే ఉంటాయా?”

“ఉంటాయండీ. మెడే నొప్పెడుతుంది.”

“అయితే ఇంకో రోజు,” అన్నాడాయన. అమ్మమ్మ వైపు వేలు చూపించాడు. “ఈసారి గేటు బయట కాదు. నేను కూడా లోపలే నిలబడతాను.”

“నిలబడండి. నేనూ నిలబడతాను,” అంది అమ్మమ్మ. ఆ రోజు నుంచి ఆవిడ నియమంలో ఒక ముక్క మారింది. పొగడొద్దు, భయపెట్టొద్దు అలాగే ఉన్నాయి. ‘ఆపొద్దు’ పోయి, ‘మీ బిడ్డయితే ఎక్కడ ఆపుతారో అక్కడ ఆపండి’ వచ్చింది.

ఇంటికి వెళ్తుంటే ఆవిడ నా భుజం పట్టుకుంది. ఎప్పుడూ పట్టుకోదు. సీటు కిందున్న కడ్డీనే పట్టుకుంటుంది.

“అద్దం దించు,” అంది కాసేపయ్యాక. “ఆకాశం కనబడుతోంది అందులో. వెనకొచ్చే లారీ కనబడాలి.”

అంటే చూసింది. లేకపోతే చూడకుండానే తెలుసుకుంది. నేను అద్దం దించాను.

ఇదంతా రాసి మొన్న ఆవిడకి చదివి వినిపించాను. సూర్యుడి దగ్గర నవ్వలేదు. విజిల్ మీద పళ్ళ గుర్తుల దగ్గర దగ్గింది. అయిపోయాక ఎలా ఉందని అడిగాను. చెప్పలేదు. తన ప్రశ్నే వేసింది. ఇన్నేళ్ళకి మళ్ళీ నన్ను అడగడం అదే.

“ఇది రాయడంలో నీకు ఏ గంట చెడ్డది?”

“ఏదీ లేదమ్మమ్మా. నవ్వుకుంటూ హాయిగా రాసేశాను.”

“అందుకే ఇలా ఉంది. మళ్ళీ రాయి.”